అమెరికా అనే చేను

ఆ చలికాలం డెట్రాయిట్ బస్ స్టేషన్‌లో కూర్చుని ఉన్నాను. మంచు వల్ల బస్సు ఆలస్యమైంది. అంతకు వారం ముందే తెనాలిలో మా చెల్లెలు పోయింది. అంత్యక్రియలు అయిపోయాయి, ఇప్పుడు రావద్దని అన్నయ్య టెలిగ్రాం ఇచ్చాడు. నాకు ఏడుపు రాలేదు. మనసంతా మొద్దుబారినట్టు ఉంది.

పక్క సీట్లో ఒక ముసలాయన పాత మ్యాపు జిరాక్స్ కాపీని ఒళ్ళో పరుచుకున్నాడు. నేను అటే చూస్తుంటే ఆయనే మాట కలిపాడు. ఆయన పుట్టింది ఇంగ్లండ్‌లో ఒక పల్లెటూళ్ళో. రిటైరయ్యాక, అక్కడి పొలాలకు ఆ పేర్లు ఎలా వచ్చాయో పాత భూమి రికార్డుల్లో వెతుకుతున్నాడట.

"ఇది ఆకలిగుట్ట. ఏం వేసినా సరిగా పండేది కాదు," అని ఒక మూల వేలు పెట్టి చూపించాడు. "ఇదేమో అమెరికా."

"అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళు కొన్నారా?" అని అడిగాను.

"నేనూ అలాగే అనుకుని చాలాకాలం వెతికాను. కాదు. ఇంకా పాత రికార్డులో దాని పేరు దూరపు చేను. ఊరికి అన్నిటికంటే దూరంగా ఉందని ఎవరో సరదాకి అమెరికా అని ఉంటారు. అదే ఉండిపోయింది."

"అంత దూరమా?"

"నడిస్తే అరగంట. పొద్దున దున్నడానికి వెళ్ళినవాళ్ళు సాయంత్రానికి ఇంటికి వచ్చేసేవాళ్ళు."

ఆయన నవ్వాడు. నేనూ నవ్వబోయి, తెనాలి గుర్తొచ్చి తల తిప్పుకున్నాను. ఆయన మ్యాపు మడిచి, ఫ్లాస్కులోంచి టీ పోసి నా చేతికిచ్చాడు. ఒక గుక్క తాగాక అందులో చక్కెర లేదని తెలిసింది. ఆ వారంలో నాకు తెలిసిన రుచి అదొక్కటే.