అక్కను తీసుకురావడానికి సికింద్రాబాద్ పోయి

సిటీలో పక్కపోర్షన్లో మనిషి చచ్చినా ఎవరికీ తెలియదని మా ములకలపల్లిలో అందరూ అంటారు. నేనూ అన్నాను, చాలా ఏళ్ళు అన్నాను, సిటీ చూడనివాళ్ళ ముందు ఇంకా గట్టిగా అన్నాను. కిందటి నెల సికింద్రాబాద్ వెళ్ళి వచ్చాను. ఇప్పుడు ఆ మాట నేను అనను, నా ఎదుట ఎవరైనా అంటే ఊరుకోను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మీరెవరైనా వెళ్ళదలచుకుంటే పనికొస్తాయని దారి వివరాలు కూడా ఇస్తున్నాను.

నేను బొగ్గుబావిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా ఆసరాలు నిలబెట్టడం మా పని. నా భార్య పోయి రెండేళ్ళయింది. కొడుకు కొత్తగూడెంలో ఉంటాడు. కోడలు సునీత కూరలు వండి క్యారియర్లో పెట్టి బస్సు కండక్టర్ చేతికిస్తే, ఇక్కడ నేను దింపుకుంటాను. మా అక్క మార్తమ్మ వయసులో ఉండగానే సికింద్రాబాద్ వెళ్ళి ఒక దవాఖానాలో ఆయాగా చేసింది. పెళ్ళి చేసుకోలేదు. పని మానాక కూడా అక్కడే ఉండిపోయింది. ఈ వయసులో ఒక్కతీ అక్కడెందుకు, తెచ్చుకుందామని నిర్ణయించాను. పాస్టరు గారికి చెప్పాను, ఆయన ఆరాధనలో ప్రకటించారు, వచ్చే ఆదివారం మా ఇంట్లో కృతజ్ఞతా కూటం అని ఖాయమైంది. షామియానా కూడా మాట్లాడాను. ఇన్ని చేసిన నేను అక్కను మాత్రం అడగలేదు.

గురువారం ఉదయం ములకలపల్లిలో బస్సెక్కాను. ఆడవాళ్ళకు టికెట్ లేదు కాబట్టి సీట్లన్నీ వాళ్ళవే, పాల్వంచ దాకా నిలబడ్డాను. రైలు స్టేషన్ కొత్తగూడెంలో ఉన్నా దాని పేరు భద్రాచలం రోడ్. రాములవారి దర్శనానికి వచ్చే కొత్తవాళ్ళు ఇక్కడ దిగి గుడి ఏదని అడుగుతారు. గుడికి ఇంకా గంటకు పైగా బస్సు ప్రయాణం ఉంది, గోదావరి దాటాలి. సికింద్రాబాద్ రైలు వేళలు మారుతుంటాయి, ముందుగా కనుక్కోండి. నేను జనరల్ టికెట్ తీసుకుని, పులిహోర పొట్లం కట్టించుకుని మధ్యాహ్నం ఎక్కాను. కిటికీ పక్కన చోటు దొరికింది.

డోర్నకల్ దాకా చెట్లూ పత్తిచేలూ తోడు వచ్చాయి. మహబూబాబాద్‌లో మిర్చి వ్యాపారం చేసే ఒకాయన ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. పులిహోర సగం ఇచ్చాను.

"ఎటు పెద్దాయనా?" అన్నాడు.

"సికింద్రాబాద్. మా అక్కను తీసుకొచ్చెతందుకు."

"వస్తనన్నదా?"

"రాక ఏంజేస్తది?"

ఆయన చేయి తుడుచుకుంటూ నవ్వాడు. "మా నాయన గిట్లనే మా మేనత్తను తెస్తనని బొంబాయి పోయిండు. ఆమెనే ఆయన్ని రెండు నెలలు ఉంచుకున్నది. లావై వచ్చిండు."

నాకు నవ్వు రాలేదు. జనగామ దాటాక నేల మారింది. మన వైపు ఉండే చెట్ల గుబురు పోయి రాయి బయటపడుతుంది. భువనగిరి దగ్గర కోట ఉన్న గుట్ట ఒకే బండలా కనిపిస్తుంది. మౌలాలి వచ్చేసరికి ఆ బండల మధ్యే, వాటి మీదే ఇళ్ళు. ఈ నగరాన్ని చదును చేసి కట్టలేదు. రాయి ఎక్కడ చోటిస్తే అక్కడ ఇరికారు. కోటి మంది ఉంటారంటారు. లెక్క నాకు తెలియదు గానీ సికింద్రాబాద్ స్టేషన్ వంతెన మీద నిలబడితే నమ్మాలనిపిస్తుంది. దిగేసరికి చీకటి పడింది. ఆ వంతెన ఎక్కి దిగేలోపు నేను నాలుగైదు భాషలు విన్నాను, అందులో రెండింటికి పేరు తెలియదు. బంధువులు లేనివాళ్ళకు స్టేషన్ ఎదురుగా లాడ్జీలున్నాయి. చిలకలగూడలో ఉన్న అక్క ఇంటికి నేను నడిచే వెళ్ళాను.

అక్క ఉండేది పాత మేడ ఇల్లు. కింద రెండు పోర్షన్లు, ఒకటి అక్కది, రెండోది రైల్వేలో పని చేసి చనిపోయిన ఒక తమిళాయన భార్య కామాక్షిది. పైన షాహీన్ బేగం కుటుంబం. మెట్ల కింద గదిలో ఒడిశా నుంచి వచ్చిన ప్లంబర్ ప్రఫుల్ల. అక్క నన్ను చూసి, "చిక్కిపోయినవేందిరా దానీ," అంది. దానియేలు అన్న నా పేరును అలా పిలిచేది ఇప్పుడు ఆమె ఒక్కతే. ఆ రాత్రి జొన్నరొట్టె తిని పడుకున్నాను, వచ్చిన పని గురించి నోరు విప్పలేదు.

మర్నాడు తెల్లవారి లేచేసరికి అక్క పెరట్లో నీళ్ళు పడుతోంది. పైకప్పు మీద తడి మచ్చ ఒకటి నా కంటబడింది. బావిలో దిగినవాడు పైకప్పును నమ్మడు. అడుగు పెట్టే ముందు కర్రతో కొట్టి వింటాం. ఖంగుమంటే గట్టిది, బోలుగా పలికితే రాయి విడిచిందని అర్థం. ఇన్నేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. మూలనున్న చీపురు తిరగేసి కర్రతో మచ్చ పక్కన మూడుసార్లు కొట్టాను.

మెట్ల మీద దడదడా కాళ్ళ చప్పుడు. పిండి చేతులతో షాహీన్, తడి జుట్టుతో కామాక్షి, నోట్లో బ్రష్షుతో ప్రఫుల్ల ఒకేసారి గుమ్మంలోకి వచ్చారు. షాహీన్ నన్ను తోసుకుని లోపలికి పోయింది.

"మార్తక్కా! ఏమైంది? పడ్డవా?"

అక్క బకెట్ పట్టుకుని పెరటి నుంచి వచ్చింది. చీపురు పట్టుకుని నిలబడ్డ నన్ను చూసింది. "వీడు మా తమ్ముడు, బొగ్గుబావిల చేసిండు. కప్పు బాగున్నదా లేదా చూస్తుండు."

"మా ఇంటి కింద బొగ్గు దొరుకుతదా అన్నా?" అంది షాహీన్. "దొరికితే సగం నాకు. నేను పైన ఉంట."

కామాక్షి మాత్రం నవ్వలేదు. "పోయిన వానల్లో బాత్రూంలో పడిపోయింది మీ అక్క. చీపురందుకుని పైకి కొట్టింది. అప్పట్నించి కొడితే మేమంతా వస్తాం. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. నేను నెలకోసారి ఫోన్ చేసి, బాగున్నవా అని అడిగి, బాగున్న అనిపించుకుని పెట్టేసేవాణ్ణి. సరిగ్గా అడిగి ఉంటే చెప్పేదేమో.

ఏడున్నరకు అక్క సంచి భుజాన వేసుకుంది. "వస్తవా? ఊరు చూద్దువు." దవాఖానా పని మానాక అక్క ఇళ్ళకు వెళ్ళి పసిబిడ్డలకు స్నానం పోస్తోంది. నేను వెంట నడిచాను. ఈ నగరం చూడాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. కట్టడాలు తర్వాత చూడవచ్చు, ముందు పొద్దున పూట ఒక గల్లీలో నడవండి.

మొదట మార్వాడీల ఇల్లు. అక్క చిన్న పీట మీద కూర్చుని కాళ్ళు బార్లా చాపి బిడ్డను బోర్లా పడుకోబెట్టుకుంది. వాళ్ళు శనగపిండిలో మీగడ కలిపి ఇచ్చారు. దాని తర్వాత తమిళుల ఇల్లు. అక్కడ పెసరపిండిలో ఏవో వేర్లు కలిపిన పొడి, స్నానమయ్యాక సాంబ్రాణి పొగ. వారాసిగూడ వైపు ముస్లింల ఇంట్లో నూనె వేరు, బిడ్డ చేతికి నల్లదారం ఉంది, రుద్దేటప్పుడు ఒరుసుకోకుండా అక్క దాన్ని మోచేతి దాకా జరిపింది. చివరికి కేరళ నర్సమ్మ ఇల్లు. గోడ మీద మరియమ్మ పటం, గిన్నెలో కొబ్బరినూనె. ప్రతి ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో పక్కన నిలబడి తమ పద్ధతి చెబుతుంది. అక్క ఆ ఇంటి భాషలోనే అవునంటుంది. చేతులు మాత్రం అన్ని ఇళ్ళలోనూ ఒకేలా కదిలాయి. నీళ్ళు పోసినప్పుడు పిల్లలు ఏడ్చిందీ ఒకేలాగే.

దారిలో అక్క చెబుతూ వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు దండు పెట్టినప్పుడు తమిళులు వచ్చారట, సరుకు అమ్మడానికి మార్వాడీలు, రైలు పనికి అన్ని చోట్లవాళ్ళూ. ఇప్పుడు కట్టడాల పనికి ఒడిశా, బీహార్. "మనోళ్ళు అన్నిటికీ," అంది. "ఇది హుస్సేన్‌సాగర్‌కు ఈ ఒడ్డు. ఆ ఒడ్డు హైదరాబాద్. మూసీ దాటితే పాతబస్తీ. మూడూర్లు కలిసినయి, కలిసినట్టు ఎవరూ ఒప్పుకోరు."

మధ్యాహ్నం పాతబస్తీ చూపిస్తానని సిటీ బస్సెక్కించింది. "నాకు జీరో టికెట్. నువ్వు కొనుక్కో, మగోనివి," అంది. మూసీ వంతెన మీద వాసన వస్తే ముక్కు మూసుకున్నాను. ఆమె మూసుకోలేదు. చార్మినార్ చుట్టూ గాజుల దుకాణాల్లో బురఖాలూ బొట్లూ ఒకే అద్దం ముందు తోసుకుంటున్నాయి. పక్కనున్న ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తీసుకున్నాం. చాయ్ చిక్కగా, బిస్కెట్ కాస్త ఉప్పగా ఉంటాయి, ముంచుకు తినాలి.

అప్పుడు ఫోన్ మోగింది. బావిలో మందుపేలుళ్ళకు నా చెవులు దెబ్బతిన్నాయి, అందుకని ఎప్పుడూ స్పీకర్లో పెట్టే మాట్లాడతాను.

"మామయ్యా, పెద్దత్తకు ములకలపల్లి ఇంట్ల వెనక రూంకు సున్నం ఏయించినం," అంది సునీత. "ఆదివారం కూటానికి పాల్వంచ సంఘమోళ్ళు గూడ వస్తరట. పెద్దత్త ఏం కూర తింటదో అడుగు."

నేను ఫోన్ ఆపేసరికి అక్క బిస్కెట్ చాయ్‌లో విరిగి పడింది. ఆమె స్పూన్‌తో తీసుకుని తినేసింది.

"ఏం కూటం రా?"

చెప్పాను. పాస్టరు గారి ప్రకటన, షామియానా, అన్నీ.

"నన్ను అడిగినవా?"

"ఒక్కదానివి ఉన్నవని..."

"పొద్దున ముగ్గురు ఉరికొచ్చిండ్రు, చూళ్ళే? ఒక్కదాన్నంటవేంది?" గొంతు పెంచలేదు. "సరే, వస్త. వచ్చి ఏంజెయ్యాలె? చెప్పు."

నేను ఇంకో బిస్కెట్ తీసుకుని చాయ్‌లో ముంచాను.

"వండిపెట్టాల్నా?"

"అట్లని కాదక్కా."

"దానీ, నీకు అక్క కావాల్నా, వంటమనిషి కావాల్నా?"

అబద్ధం చెప్పవచ్చు. అంత దూరం వెళ్ళి, ఆ పిల్లల మీద ఆ చేతులు చూసి కూడా చెప్పాలనిపించలేదు. "రెండూ," అన్నాను. నిజానికి వంటమనిషే ముందు కావాలి. ఆ తర్వాత, అక్కను చూసుకుంటున్నాడని సంఘంలో నలుగురూ అనుకోవాలి. ఆమె కోసమని నేను అనుకున్నదంతా తవ్వి చూస్తే ఈ రెండే ఉన్నాయి.

"అక్క ఈడుంటది," అంది. "వంటమనిషిని నువ్వు చూస్కో. నేను రాను. రేపడిగినా రాను, పాస్టరు గారొచ్చి అడిగినా రాను. నాకు పెద్ద రోగమొస్తే తీస్కపోతనంటవేమో, అప్పుడు గూడ రాను. ఈ గల్లీలల్ల నా కాళ్ళ మీద పండని పిల్ల లేదు. నేనెవరికి భయపడి రావాలె?"

పక్క టేబుల్ ముసలాయనకు తెలుగు ఎంత తెలుసో గానీ తల ఊపాడు. అక్క తన కప్పు ఖాళీ చేసి, "ఇంకో చాయ్ చెప్పు. నువ్వే పైసలియ్యి," అంది. చెప్పాను.

శనివారం ఉదయం ఎంజీబీఎస్‌కు వచ్చి బస్సెక్కాను. అది మూసీ పాయల నడుమ కట్టిన పెద్ద బస్టాండ్. ఖమ్మం వైపు బస్సులు వరసగా ఉంటాయి, ముందుగా సీటు తీసుకోనక్కర లేదు. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట మీదుగా మంచి రోడ్డు. సూర్యాపేటలో టిఫిన్‌కు ఆపినప్పుడు కొడుకుకు ఫోన్ చేశాను.

"రాదా?" అన్నాడు. "చర్చిల చెప్పినం గద నాయనా. పరువేంగావాలె?"

"మీరు చెప్పలే, నేను చెప్పిన. కూటం ఉంటది. అడగకుండ చెప్పిన్నని అందరి ముందు నేనే అంట. తర్వాత బువ్వ తిని పోతరు."

"నవ్వుతరు నాయనా."

"నవ్వనీ."

ఈ వయసులో అంత గట్టిగా ఒక మాట అనగలనని నాకే తెలియదు. ఆ గట్టిదనం నాది కాదు, ఇరానీ హోటల్లో ఎదురుగా కూర్చుని చూసి నేర్చుకున్నాను. బస్సు కదిలాక ఆ నగరం గురించి ఆలోచించాను. అందులో ఎవరూ ఆ ఊరివాళ్ళు కారు, అందరూ ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళే. అయినా ఎవరిని వెళ్ళిపొమ్మన్నా మా అక్క చూసినట్టే చూస్తారు. మన దగ్గర పుట్టినందువల్ల ఊరు మనదవుతుంది. అక్కడ మాత్రం రోజూ పొద్దున లేచి ఒకరి గుమ్మంలోకి ఒకరు పోవడం వల్ల అవుతుంది. రెండోదే కష్టమని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ఖమ్మంలో కొత్తగూడెం బస్సు మారాను. ఇక్కడా బస్సు నిండా ఆడవాళ్ళే. ఏన్కూరు దాటాక నా పక్క సీటు ఖాళీ అయి, జూలూరుపాడు పోయే ఒకామె కూరగాయల సంచితో కూర్చుంది. ఆమెను అడిగాను.

"గ్లాసు బియ్యానికి నీళ్ళెన్ని పొయ్యాలమ్మా?"

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "కుక్కర్లనా, గిన్నెలనా?"

"గిన్నెల."

"కొత్త బియ్యమా, పాతయా?"

"తెల్వదు."

"రెండు గ్లాసులు పొయ్యి," అంది ముందు సీటు ఆమె వెనక్కి తిరిగి.

"రెండు పోస్తే పలుకైతది," అంది నా పక్కామె. "ఇంట్ల ఆడోళ్ళు లేరా పెద్దాయనా?"

"అక్క ఉన్నది. సికింద్రాబాద్‌ల ఉంటది. ఆమెకు పనున్నది."

"అట్లనా," అంది ఆమె, సంచి ఒళ్ళోకి లాక్కుంటూ. "అయితే రెండున్నర పొయ్యి. పొంగేటప్పుడు పక్కన్నే నిలబడు, ఫోన్ చూసుకుంట కూసోకు."