దేవమ్మ రెండు నడకలు

2023, పత్తి ఏరే కాలం. వీపనగండ్ల దగ్గర ఒక ఊళ్లో, రెండు గదుల పల్లె దవాఖానలో నేను ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. టీకాలు, బీపీలు, షుగర్లు, గర్భిణుల రిజిస్టర్లు మామూలే. ఆ ఏడు వాటికి ఇంకో పని తోడైంది. అరవై దాటిన వాళ్లను నడిపించి చూడమని మా డాక్టరు గారు చెప్పారు.

దీన్ని గెయిట్ స్పీడ్ అంటారు. మనిషి తన మామూలు తీరులో ఎంత వేగంగా నడుస్తాడో కొలవడం. వరండాలో నాలుగు మీటర్ల ఎడంతో రెండు సుద్ద గీతలు గీసి, ఈ గీత నుంచి ఆ గీతకు ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో చూసుకోవాలి. ఐదు సెకన్లు దాటితే లోపల ఏదో ఉందేమోనని ఆరా తీయాలి. గుండె, ఊపిరితిత్తులు, నెత్తురు, నరాలు, కండలు, ఎక్కడ తేడా వచ్చినా అది నడకలో కనిపిస్తుందని డాక్టరు గారు వివరించారు. ఇంత సులువా అనుకున్నాను. ఆ సులువులోనే బోల్తా పడ్డాను.

మొదటి రోజు వచ్చిన వాళ్లలో దేవమ్మ ఒకరు. అరవై ఆరేళ్లుంటాయి. ఊరి ఆడవాళ్ల గుంపుతో రోజూ కూలికి పోతుంది. కొంగు నడుముకు చెక్కి, తలెత్తి, మూడున్నర సెకన్లలో గీత దాటేసింది. నేను ఊరుకోవచ్చు కదా! "చూడండి, ఈ పెద్దమ్మను చూసి నేర్చుకోండి" అని అందరి ముందూ అన్నాను. అందరూ నవ్వారు. దేవమ్మ మాత్రం వరండా స్తంభం పట్టుకుని నిలబడి, "అయిపాయెనా బిడ్డ, పోవచ్చునా?" అంది. ఆమె స్తంభం పట్టుకోవడం చూశాను. చూసి కూడా వదిలేశాను.

పది రోజుల తర్వాత ఒక బాలింతను చూడటానికి తెల్లవారగానే స్కూటీ మీద పోతున్నాను. చేన్ల దారిలో దేవమ్మ ఒక్కతే నడుస్తోంది. ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభానికి పోయేలోపు మూడుసార్లు ఆగింది. బండి పక్కన పెట్టి దగ్గరికి పోయాను.

"గింత పొద్దుగాల ఏడికి పెద్దమ్మా?"

"పత్తికి బిడ్డ."

"తక్కినోళ్లు ఏరి?"

"ఎనుక వస్తరు. నేను గంట ముందు బయలెల్లితె అందరితోని ఒక్కపారే చేరుత. ఎవ్వరికి తెల్వదు."

ఏం తెలియకూడదో అడగబోయాను. ఆమెకు దమ్ము ఆడటం లేదు. కింది రెప్ప లాగి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. బండి ఎక్కించుకుని దవాఖానకు తెచ్చి, వేలు గుచ్చి హిమోగ్లోబిన్ చూశాను. ఆడవాళ్లకు పన్నెండు ఉండాల్సింది, ఐదున్నర చూపించింది. మీటరు చెడిందేమోనని ఇంకో వేలు గుచ్చాను. మళ్లీ ఐదున్నరే.

"మరి ఆ దినం గంత జోరుగ ఎట్ల నడిచినవ్?" అని గట్టిగానే అడిగాను. నా నోరు అంత మంచిది కాదు.

దేవమ్మ కొంగు ముడి విప్పి గోలీలు చూపించింది. "మోకాళ్ల నొప్పులకు. మొదలు దినాం ఒకటే, ఇప్పుడు రెండు ఏస్కుంట. ఆ దినం నాలుగు ఏస్కున్న."

"ఎందుకు?"

"నడిపిచ్చి చూస్తున్నరంటె ఎందుకో నాకు తెల్వదా? వయసుల ఉన్నప్పుడు డ్యాముల కాడ కట్టల మట్టిపనికి వలస పోతుంటిమి. తోల్కపోయే ముందు గుంపు మేస్త్రీ అందర్ని నడిపిచ్చి చూస్తుండె. కాళ్లీడ్చెటోళ్లను పక్కకు నిలవెడుతుండె. నేను ఒక్క ఏడు గూడ పక్కకు నిలవడలె."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె కళ్లకు నేను ఏఎన్ఎంను కాను, ఇంకో మేస్త్రీని. నడక బాగుందని మెచ్చుకుని పంపింది కూడా నేనే.

దొడ్డికి నల్లగా పోతోందా అని అడిగితే, రెండు నెలల నుంచి పోతోందంది. ఆ గోలీలు కడుపులో పుండు చేసి నెత్తురు కారేలా చేస్తున్నాయని నా అనుమానం. నెత్తురు తగ్గేకొద్దీ నడక తగ్గింది, నడక తగ్గేకొద్దీ ఈమె గోలీలు పెంచింది. వెంటనే వనపర్తి పెద్ద దవాఖానకు పోవాలన్నాను. ఆమె మొండికేసింది.

"పత్తి ఒడిసినంక పోత. ఇప్పుడు పోతె నా జాగల ఇంకొకరొస్తరు. ఒక్కసారి చాతకాదు అనిపిచ్చుకుంటె మల్ల పిలువరు."

"జాగ పోతె మల్ల అడగొచ్చు. నువ్వే పోతె ఎవరడగాలె?" అని అరిచాను. అరుస్తుంటేనే ఏడుపొచ్చింది. "తప్పు నాది పెద్దమ్మా. ఆ దినమే కనిపెట్టాల్సింది. నా కోసమన్న రా."

ఆమె "నువ్వెందుకు ఏడుస్తవ్ బిడ్డ, పా" అని లేచింది.

నా అనుమానమే నిజమైంది. పెద్ద దవాఖానలో మూడు యూనిట్ల రక్తం ఎక్కించి, పుండుకు మందులిచ్చారు. ఇంకొన్నాళ్లు ఆగితే గుండె తట్టుకునేది కాదన్నారు. దేవమ్మ భయపడిందీ నిజమైంది. ఆ ఏడు గుంపులో ఆమె చోటు వేరే వాళ్లకు పోయింది. అది నేను ఆపలేకపోయాను.

మూడు నెలలకు మళ్లీ పరీక్షకు వచ్చింది. మొహంలో రంగు తేలింది, ఆ నొప్పి గోలీలు మానేసింది. "ఇంటికి పోతున్నట్టు నడువు" అన్నాను. గీత దగ్గర నిలబడగానే చెయ్యి దానంతటదే కొంగు చెక్కుకోబోయింది. నేను గోడ వైపు తిరిగి, "ఎవ్వరు చూస్తలేరు, పో" అన్నాను. చెప్పుల చప్పుడు విని, ఆగినప్పుడు ఫోన్ నొక్కాను. ఆరు సెకన్లు.

"ఎంతొచ్చె బిడ్డ?"

"ఆరు."

"అంటె, పక్కకు నిలవెడతవా?"

"లేదు పెద్దమ్మా. మెల్లగ నడిచెటోళ్ల కోసమే గీ గీతలు గీసింది."

ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుని, మోకాళ్లు రెండూ చాపి, మొదటిసారి తన నొప్పుల గురించి చెప్పడం మొదలుపెట్టింది. గీతలు మెల్లగా నడిచేవాళ్ల కోసమేనన్న మాట నేను మొదటి రోజే చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు ఎవరినైనా నడవమనే ముందు అదే చెబుతున్నాను.