ఆఖరి కుండెడు నల్లమూతి వడ్లు

మా ఇఫ్రా వన్ టౌన్ పిల్ల. వాళ్ల నాన్న దాదాపీర్ గారిది గోనెసంచుల కొట్టు. సంచిలో ఏ వడ్లు పోస్తారో ఆయనకి పట్టదు, ఈవిడకి అదే లోకం. పాత వరి విత్తనాలు కాపాడటం మీద పీహెచ్‌డీ. ల్యాబ్‌లో పక్క టేబుల్ నాది కనక ఆ పిచ్చిని మూడేళ్లూ నేనే భరించాను.

నల్లమూతి వడ్ల కోసం తను తిరగని ఊరు లేదు. వారం రోజులు నీట మునిగినా చావని పైరని పెద్దవాళ్లు చెప్పేవారు. గింజ మాత్రం ఎవరి దగ్గరా లేదు. చివరికి కైకలూరు దగ్గర పల్లెలో రావమ్మ గారింట ఒక్క కుండెడు ఉన్నాయని తెలిసింది.

"ఎవరికీ ఇవ్వకండమ్మా, నాకోసం ఉంచండి. ఆదివారం వస్తా" అని ఫోన్లో బతిమాలింది ఇఫ్రా.

ఇద్దరం వెళ్లాం. రావమ్మ గారు కాళ్లకి నీళ్లిచ్చి, అరిటాకులు వేశారు.

"మాంసం మా ఇంట తింటావో లేదోనని కూరగాయలే వండానమ్మా. అన్నం మాత్రం నువ్వడిగిందే. పొద్దున్నే దంపించాను. మిగతా బియ్యం సంచిలో కట్టా, మీ అమ్మకివ్వు."

"అన్నీ దంపించేశారా?"

"ఇంత దూరం వచ్చే పిల్లకి పెట్టకుండా దాచుకుంటానా?"

విత్తనానికని ఫోన్లో ఒక్క ముక్క చెప్పలేదు మేము. చదువుకున్న మొహాలు!

ఇఫ్రా తింది. కళ్లనీళ్లు కారుతుంటే, కారం ఎక్కువైందేమోనని ఆవిడ మజ్జిగ పోశారు. తర్వాత పెరట్లో ఊక కుప్ప ముందు కూర్చుని సాయంత్రం దాకా వెతికింది. పొట్టు ఊడని గింజలు తొమ్మిది దొరికాయి.

వాటిని తడి కాగితం మీద పరిచి, రోజూ పదిసార్లు చూసుకునేది. నేను ఎగతాళి మానేశాను. రోకటి దెబ్బలు తిన్న గింజలవి. ఎనిమిదో రోజుకి తొమ్మిదీ బూజు పట్టాయి. చదువు పోతుందని కాదు దాని ఏడుపు. మాకు తెలిసినంతలో ఆ పైరు ఇక భూమ్మీద లేదు. ఆఖరి గింజలు తిన్నది మేమే.

ఆ సాయంత్రమే రావమ్మ గారు ఫోన్ చేశారు.

"అన్నం ఎలా ఉందో చెప్పనే లేదు తల్లీ."

"చాలా బాగుందమ్మా" అంది ఇఫ్రా.

"అయితే వచ్చే ఏడూ రా. ఎవర్నన్నా నాలుగు గింజలు విత్తనం అడిగి నీకోసం వేయిస్తాలే."

ఇఫ్రా ఫోన్ నా చేతిలో పెట్టేసి, టేబుల్ మీద తల వాల్చి భోరుమంది. అవతల ఆవిడ "హలో, హలో" అంటూనే ఉన్నారు.