చాచిన చెయ్యి

మా ఆయన టైలరు. చొక్కా రేపు ఇస్తానన్నాడంటే వచ్చేవారమని అర్థం. చదరంగం పోటీకి మాత్రం అరగంట ముందే చేరతాడు.

నాలుగేళ్లుగా ఆయనకో జబ్బు పట్టుకుంది. ఎవరైనా కొలతకు చెయ్యి చాస్తే చాలు, టేపు పట్టుకుని కొయ్యబారిపోతాడు. అప్పుడు నేనే వెళ్లి భుజం నుంచి మణికట్టు దాకా కొలుస్తాను. కారణం నాకు తెలుసు.

మా చదరంగం క్లబ్బులో ఆట డ్రా చేసుకుందామని అడగాలంటే నోరు విప్పరు, బోర్డు మీదుగా చెయ్యి చాస్తారు. ఇష్టమైతే అవతలివాళ్లు చెయ్యి కలుపుతారు, లేదంటే పావు కదుపుతారు. నాలుగేళ్ల కిందటి ఫైనల్లో మా ఆయన ఎదుట మా అన్నయ్య కూర్చున్నాడు. అందరూ నడిమి బంటుతో మొదలుపెడితే అన్నయ్య పక్క బంటు తోసేవాడు. అందుకే అన్నయ్యని అందరూ పక్కబంటు అనేవారు. ఆట మధ్యలో ఒక చేత్తో ఛాతీ పట్టుకుని, రెండో చెయ్యి చాచాడు. మా ఆయన ఆ చేతిని చూశాడు. చూసి కూడా ఏనుగును జరిపాడు. గెలుపు పిచ్చి! కప్పు ఇంటికొచ్చింది, మూడోనాడు అన్నయ్య పోయాడు. నెల్లాళ్లు ఈ మనిషితో మాట్లాడలేదు. ఆ తర్వాత అన్నం పెట్టాను. ఏ కన్ను పొడుచుకోను?

మొన్న ఆదివారం ఫైనల్లో ఆయన ఎదుట అన్నయ్య కూతురు కూర్చుంది. రాగానే అదే పక్క బంటు తోసింది. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా ఆడాడు. మధ్యాహ్నానికి పిల్ల తన మంత్రిని పోగొట్టుకుంది. ఇంకో నాలుగు ఎత్తులైతే గెలుపు ఆయనదే. అప్పుడు చెయ్యి చాచాడు.

"అదేంటి మావయ్యా, గెలుస్తున్నారు కదా!" అంది పిల్ల మెల్లగా.

"తెలుసమ్మా."

పిల్ల చెయ్యి కలపలేదు. పావూ కదపలేదు. గడియారం నడుస్తోంది. సూది పోట్లు పడ్డ ఆ చెయ్యి బోర్డు మీదుగా చాచే ఉంది. పట్టుకోవే తల్లీ అని లోలోపలే వేడుకున్నాను. పైకి అడగడానికి నాకు మొహమేది?

"ఆరోజు నాన్న ఎంతసేపు చాచి ఉంచాడు?" అని అడిగింది చివరికి.

"ఇంకా వెనక్కి తీసుకోలేదమ్మా."

పిల్ల బావురుమంటూ రెండు చేతులతో ఆ చెయ్యి పట్టుకుంది. ఆట డ్రా అని రాసుకున్నారు. హమ్మయ్య, పీడ విరగడైంది అనుకున్నాను.

సోమవారం ఒకాయన కొలతకు చెయ్యి చాచాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. మా ఆయన ఆ చేతిని చాలాసేపు చూసి, టేపు నాకు అందించాడు.