కూలరుకు పెట్టిన చింతపండు పులుసు

రండి, అంత దూరం కూర్చుంటే ఎలా? ఇలా నా చాప మీదికి జరగండి, కూలరు గాలి ఇక్కడే బాగా తగులుతుంది. ఈ గాలికో కథ ఉంది. చల్లబడుతూ వినండి.

మాది శ్రీకాకుళం వైపు. పెళ్లయ్యాక రాయపూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాం. మా ఆయన ఊరి పక్కనే ఉర్లాలో ఓ ఇనుప ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఇంట్లో మేకు కొట్టాలన్నా ఆయనే కొట్టాలి. పానాలూ స్క్రూడ్రైవర్లూ పెట్టుకునే ఖాకీ సంచి ఒకటి ఉండేది. దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. విశ్వకర్మ పూజ నాడు మాత్రం బొట్టు పెట్టమని నా చేతికిచ్చేవారు.

ఒక ఏడు పూజకి, ఇంత జిడ్డు మీద కుంకుమ ఎలా నిలుస్తుంది అనుకున్నాను. దేవుడి ఇత్తడి సామానుతో పాటు ఆ పానాలన్నీ చింతపండు వేసి తోమి, కడిగి, గోడకి ఆనించాను. తళతళలాడాయి. తెల్లారేసరికి ఒక్కొక్కటీ ఎర్రగా తుప్పెక్కి కూర్చుంది.

ఆయన ఒక పానా పైకెత్తి చూశారు. "ఏటే ఇది? ఇనుముకి పులుసెట్టీసినావా?"

"శుభ్రంగా ఉంటాయని తోమానండీ."

"ఇంకా నయం, తాలింపెట్టలేదు!"

ఆ మాట ఫ్యాక్టరీ దాకా పోయింది. ఆయన అన్నం డబ్బాలో చారు కనపడితే చాలు, పానాలకి మిగిలిందా అని అడిగేవారట తోటివాళ్లు.

తర్వాతి వేసవిలో డాక్టర్లు ఆయన కంట్లో శుక్లం తీశారు. వంగకూడదు, బరువెత్తకూడదు, కంట్లో నీటి చుక్క పడకూడదు అన్నారు. అప్పటికి నాకు యాభై దాటాయి, బీపీ కూడా పట్టుకుంది. మాత్ర ఒక్కటే చాలదమ్మా, మధ్యాహ్నం కాసేపు పడుకోవాలి, లేకపోతే కాలో చెయ్యో పడిపోతుంది అని డాక్టరు గట్టిగానే చెప్పాడు. నేను తలూపి వచ్చాను. పగలు పడుకోవడం నాకెప్పుడు అలవాటు గనక? కూలరు ఎప్పుడూ ఆయన మంచం వైపే. డ్యూటీ చేసి వచ్చిన మనిషి కదా అని నేను వంటింటి గుమ్మంలో కొంగు పరుచుకుని నడుం వాల్చేదాన్ని.

సరిగ్గా నౌతపా రోజుల్లో, అదే, ఇక్కడివాళ్లు చెప్పుకునే తొమ్మిది రోజుల నిప్పుల ఎండలో, కూలరు వేడిగాలి కొట్టడం మొదలెట్టింది. ఫ్యాను తిరుగుతోంది, నీళ్లు మాత్రం పైకి ఎక్కడం లేదు. మిస్త్రీ వచ్చే వారం గానీ రానన్నాడు. రెండు రాత్రులు నిద్ర లేదు. మూడో రోజు పొయ్యి దగ్గర కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. అది ఆయన చూశారు. కంటికి పట్టీతోనే లేచి సంచి అందుకున్నారు.

నేను అడ్డం నిలబడ్డాను. "మీ కన్ను పోయాక నాకీ గాలెందుకండీ? కూర్చుని చెప్పండి, నేను చేస్తాను."

"నువ్వా?"

"నేనే. పులుసు పెట్టిన చెయ్యే."

ఆయన మళ్లీ మంచం మీద కూర్చున్నారు. సంచి నా చేతికిచ్చారు.

"ముందు ప్లగ్గు పీకీ. స్విచ్చి కాదే, ప్లగ్గు."

"పీకాను."

"పట్టుకొచ్చి సూపించు. నాకున్నది ఒక్క కన్నే, దాంతో సూస్తే గాని నమ్మను."

చూపించాను. కూలరు పక్కనుండే గడ్డి తలుపు ఊడదీసి, నీళ్ల తొట్టిలోంచి పంపు పైకి తీశాను. నా గుప్పెడంతే ఉంది. మరలు విప్పి మూత తీస్తే, లోపలి చిన్న చక్రం చుట్టూ బోరు నీళ్ల సున్నం రాయిలా గట్టిపడి ఉంది.

"స్క్రూడ్రైవర్తో గీకీ."

"ప్లాస్టిక్కండీ, విరిగిపోతుంది."

"మరేటి సేస్తావు?"

ఈ నీళ్లకి మా కుక్కరు అడుగున కూడా ఇలాగే తెల్లగా పేరుకుంటుంది. చింతపండు వేసి మరిగిస్తే అది పోతుంది. లేచి వంటింట్లోకెళ్లి, పులుసు చిక్కగా పిసికి, మూతా చక్రమూ అందులో నానేశాను.

"ఓలమ్మో, మళ్లీ సింతపండేనా!"

అప్పుడే కరివేపాకు కోసం వచ్చిన ఎదురింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ గిన్నెలోకి తొంగిచూసి, "కా రాంధత్ హస్ దీదీ?" అంది, ఏం వండుతున్నావు అని.

"కూలర్ కా సాంబార్!" అన్నారు మా ఆయన మంచం మీంచే.

ఆవిడ నవ్వాపుకోలేక తలుపు పట్టుకుంది.

గంట నానేసరికి సున్నం మెత్తబడి వేలితో తోస్తేనే రాలింది. అన్నీ బిగించి, చేతులు తుడుచుకుని, చెప్పులేసుకుని ప్లగ్గు పెట్టాను. కాసేపు ఏమీ లేదు. అంతలో పై నుంచి గడ్డి మీద చుక్క, దాని వెంట ఇంకో చుక్క, ఆ వెనకే ధార. తడి గడ్డి వాసన ఇల్లంతా నిండింది.

అన్నం పెడతానని లేవబోయాను. ఆయన లేచి వచ్చి కూలరును ఒక చేత్తో మెల్లగా నా వైపు తిప్పారు. కింద చక్రాలున్నాయి లెండి. "బాగుసేసింది నువ్వు. ముందు గాలి నీదే. పడుకో."

అయిదు నిమిషాలనుకుని ఒరిగాను. లేచేసరికి దీపాల వేళయింది. ఆయన నా పక్కనే కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్లందరినీ గుమ్మంలోంచే వెనక్కి పంపిస్తూ కూర్చున్నారట.

"గురకెట్టినావు, కూలరు కన్నా గట్టిగా" అన్నారు. ఆ గొంతులో వెక్కిరింపు కన్నా నిశ్చింతే ఎక్కువ వినబడింది.

ఆ మధ్యాహ్నం నిద్ర ఇప్పటికీ మానలేదు. బీపీ కూడా చెప్పిన మాట వింటోంది. ఖాకీ సంచి నాకు అందే మేకుకి దిగింది. అందులో ఓ మూల, కాగితంలో చుట్టిన చింతపండు ముద్ద ఉంటుంది. అది పెట్టింది నేను కాదు.

మీ ఇంట గాలీ నీరూ ఆగకుండా ఆడుతుండాలి. ఆగిన నాడు బాగుచేసే నేర్పు మీ చేతిలోనే ఉండాలి. మీ కంటికి పగటిపూట ఓ కునుకు పట్టాలి, దానికి కాపలా కాసే మనిషి మీ పక్కనే ఉండాలి. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.