హజరత్తయ్య చేతి కొలత

కోట మండలంలో వరి సాగు గురించి మాట్లాడేవాళ్ళు హజరత్తయ్య పేరు ఎత్తకుండా ఉండరు. బడి అయిదో తరగతితో మానేసినా, యాభై ఏళ్ళు చేను పండించినాడు. చౌడు నేలలో ఎకరాకు మూడు పుట్లు దించి, రైతుల సభలో శాలువా కప్పించుకున్నాడు. విత్తనం నానేసే నీళ్ళ వేడి చూడటానికి ఆయనకు అరచెయ్యి చాలు. అది తప్పు చెప్పిన రోజు లేదనేవాడు.

మొన్న కార్తీకంలో వానలకు చలి ముదిరింది. మొలక తొందరగా రావాలని కాగిన నీళ్ళు కలిపి, చెయ్యి పెట్టి చూసి, గోరువెచ్చగా ఉన్నాయనుకొని వడ్లు నానేసినాడు. నానిన వడ్లను మొలకకోసం మండె కట్టిన గోతాల్లో మొలక రాలేదు, కుళ్ళు వాసన వచ్చింది. విత్తనాలిచ్చిన గంగాధరాన్ని టీ అంగడి ముందు పదిమందిలో నిలదీసినాడు.

"చచ్చిన గింజలు అంటగడతన్నావు గదయ్యా."

హజరత్తయ్య అన్నాడంటే ఇంక తిరుగేముంది. మర్నాడే ముగ్గురు రైతులు బస్తాలు తెచ్చి గంగాధరం వాకిట్లో పడేసి పోయినారు.

పది రోజులు పోయినాక, హైస్కూల్లో సైన్సు చెప్పే కోడలు వాణి, పిల్లలకు చూపించే పాఠాన్ని ముందు ఇంట్లో చేసి చూసుకుంటోంది. బీట్‌రూట్ ముక్కలు కడిగి మూడు గ్లాసుల్లో వేసింది. చన్నీళ్ళు తేటగా ఉన్నాయి. గోరువెచ్చనివీ దాదాపు అంతే. వేడినీళ్ళు మాత్రం ఎర్రగా మారినాయి.

"ముక్కలో కంటికి కనపడని గదులుంటాయి మామయ్యా. ఒక్కోదానికి పల్చటి పొర. లోపలిదాన్ని అదే పట్టి ఉంచుతుంది. వేడి మీరితే పొర చెడి అంతా కారిపోతుంది."

"చల్లారినాక బాగుపడదా?"

"ఇంత వేడికి బాగుపడదు."

"వడ్లకూ ఇంతేనా?"

"ప్రాణమున్న ఏ గింజకైనా అంతే."

హజరత్తయ్య మూడో గ్లాసులో వేలు ముంచినాడు. "గోరువెచ్చగానే ఉందే."

వాణి తన వేలు పెట్టి చటుక్కున లాక్కుంది. "కాలిపోతోంది. మీకు తెలియడం లేదా?"

ఆయన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. వడ్లు నానిన నీళ్ళు పారబోసిన చోట చీమలు బారులు కట్టడం గుర్తొచ్చింది. గింజలో తీపంతా కారిపోయిందన్నమాట. అది కళ్ళారా చూసి కూడా తన చేతిని అనుమానించలేదు, మనిషిని అనుమానించినాడు.

మర్నాడు టీ అంగడికి పోయినాడు. బెంచీ చివర గంగాధరం ఒక్కడే ఎడంగా కూర్చొని ఉన్నాడు. తలెత్తలేదు.

"గంగాధరం, నీ గింజలు చచ్చినవి కాదు. నేనే చంపినా."

"ఊరుకోన్నా, నువ్వు విత్తనం పాడుచేసేదేంది," అని అంగడి చిన్నపోలయ్య నవ్వి, మరిగే టీ గాజుగ్లాసులో పోసి అందించినాడు.

హజరత్తయ్య గ్లాసు అంచు పట్టుకోలేదు. పిడికిలి నిండా పట్టుకున్నాడు. పొగలు లేస్తున్నా చెయ్యి కదల్లేదు.

"చూడండి. వేడి కొలిచింది ఈ చేత్తోనే."

గంగాధరం లేచొచ్చి గ్లాసు లాక్కున్నాడు. "బొబ్బలెక్కతాయి పెద్దాయనా."

"ఆ ముగ్గురి ఇళ్ళకూ నాతో రా. వాళ్ళ ముందర కూడా చెప్తా."

"నేనెందుకు? అన్నది నువ్వు గదా," అని గంగాధరం మళ్ళీ బెంచీ చివరనే కూర్చున్నాడు.

హజరత్తయ్య టీ తాగకుండానే మొదటి ఇంటి వైపు ఒక్కడే నడిచినాడు.