మార్టూరులో చేతుల మాట

ఉదయం ఆరున్నరకు గుంటూరులో ఒంగోలు బస్సెక్కాను. మార్టూరు దాకా ప్రయాణం. గుళ్ళూ గోపురాలూ చూడ్డానికి కాదు, మా బావ వెంకటేశ్వర్లు చేత మిషను పని మాన్పించడానికి. అక్కడి గ్రానైటు ఫ్యాక్టరీలో ఆయన ఏళ్ళ తరబడి రాయి కోసే మిషను నడుపుతున్నాడు. వినికిడి బాగా తగ్గింది, రక్తపోటు పెరిగింది, రాత్రిళ్ళు నిద్ర లేదు. "పోయిన వినికిడి తిరిగి రాదు, ఉన్నదైనా దక్కించుకోండి. ఆ రొద చెవులతో పోదు, గుండెకీ ముప్పే" అని చిలకలూరిపేట డాక్టరు చెప్పాడట. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని. నువ్వొచ్చి చెప్పరా" అని అక్క ఫోను చేసింది. నా గొంతు పెద్దదని మా ఇంట్లో అందరికీ నమ్మకం.

పక్క సీట్లో మిర్చి యార్డులో సరుకమ్మి ఇంటికి పోతున్న రైతు కూర్చున్నాడు. ఆయన తువ్వాలు దులిపితే సగం బస్సు తుమ్మింది. హైవే వెడల్పు చేస్తున్న రోజులు కావడంతో డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు.

"యార్డులో రెండు రాత్రులు పడుకున్నానండి. లారీల మోతకి కన్ను మూత పళ్ళేదు. ఇంటికెళ్తే చాలు, పడి నిద్రపోతా" అన్నాడాయన. ఇంటికెళ్ళినా నిద్రపట్టని మా బావ గుర్తొచ్చాడు నాకు. చిలకలూరిపేటలో బస్సు ఆగితే వేడి ఇడ్లీలు తిన్నాను. ఎనిమిదిన్నరకల్లా మార్టూరులో దిగి, తిన్నగా ఫ్యాక్టరీకి వెళ్ళాను.

షెడ్డులో అడుగు పెట్టగానే మోతకి కాళ్ళ కింద నేల అదిరింది. ఇంటింత రాయిని మిషను కోస్తోంది. నా పెద్ద గొంతు నాకే వినబడలేదు. అయితే అక్కడ ఎవరూ మాట్లాడుకోవడం మానలేదు! అన్నీ చేతులతోనే. చేతులు అడ్డంగా పెడితే మిషను ఆపమని. పెదాల దగ్గర బొటనవేలు వంచితే నీళ్ళు. మీసం మెలేస్తే ఓనరు వస్తున్నాడని. ఈ ఓనరుకి మీసాల్లేవు. వాళ్ళ నాన్నగారికి ఉండేవట. ఆ చివరనొక ఆవిడ, ఈ చివరనొక ఆవిడ నిలబడి ఇవాళ ఏం కూర వండారో కూడా చెప్పుకున్నారు. అంత రొదలో అంత తీరిగ్గా కబుర్లాడే మనుషుల్ని నేనెక్కడా చూడలేదు. ముచ్చటేసింది.

మధ్యాహ్నం అక్కావాళ్ళింట్లో గోంగూర కలుపుకుంటూ నేను కేకలు మొదలెట్టాను. రాయి కొలిచే పని ఇస్తానని ఓనరు ఎప్పుడో ఒప్పుకున్నాడు. ఆ పని బయట యార్డులో, మోతకి దూరంగా ఉంటుంది. బావే పోనంటున్నాడు.

"మిషను ముందు నిలబడ్డవాణ్ణి, టేపు పట్టుకు తిరగమంటావా? చేతులుండగా చెవులెందుకురా బామ్మర్దీ!" అని నవ్వాడు.

అప్పుడే ఆయన మనవరాలు చిన్ని వచ్చింది. కూతురి కూతురు, వీళ్ళ దగ్గరే ఉంటుంది, రెండేళ్ళు దాటాయి. నోరు తెరవకుండా తాత మోకాలు తట్టి, పెదాల దగ్గర బొటనవేలు వంచింది. బావ మురిసిపోతూ గ్లాసు అందించాడు.

"చూశావా? కొత్తగా చేరినోళ్ళకి నెల పడుద్ది. ఇదెప్పుడో నేర్చేసింది!"

నేనూ చప్పట్లు కొట్టాను. చిన్ని నీళ్ళు తాగి, వాకిట్లో ఉన్న అక్క దగ్గరికి పరిగెత్తి గలగలా కబుర్లు మొదలెట్టింది. బావ ఆ కదిలే పెదాలనే చూస్తూ ఉండిపోయాడు.

"ఏమంటందే?" అని అడిగాడు.

"పిల్లి పాలు తాగేసిందంట, మీసాలకి అంటుకున్నాయంట" అని అక్క గట్టిగా చెప్పింది.

"మరి నాకు చెప్పలేదే?"

"చెప్పేదండీ. రోజూ చెప్పేది. మీరు పలక్కపోయేసరికి మానేసింది."

బావ మరి ముద్ద ఎత్తలేదు. సాయంత్రం తనే ఓనరు ఇంటికెళ్ళి, సోమవారం నుంచి టేపు పట్టుకుంటానని చెప్పొచ్చాడు. నా కేకల్లో ఒక్కటీ పనికి రాలేదు.

మర్నాడు ఉదయం ఎనిమిది గంటల బస్సుకి నాతోపాటు అక్కా, బావా, చిన్నీ ముగ్గురూ బయలుదేరారు, గుంటూరులో చెవుల డాక్టరుకి చూపించుకోవడానికి. మార్టూరు మళ్ళీ చూడదగ్గ ఊరే. మోత మధ్య నుంచి ఒక భాషనే పుట్టించిన మనుషులు వాళ్ళు. వాళ్ళ చేతులంటే నాకు గౌరవం. వాళ్ళ చెవులంటేనే దిగులు.

కిటికీ పక్కన తాత ఒళ్ళో కూర్చున్న చిన్ని బయట ఏదో చూసి చెయ్యెత్తింది. బావ ఆ చెయ్యి మెల్లగా పట్టుకుని దించి, చెవిని దాని నోటి దగ్గర పెట్టాడు.

"నోటితో చెప్పు తల్లీ."

"మేకలు!"

వినబడలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. చిన్ని మళ్ళీ చెప్పింది. మూడోసారి రెండు చేతులతో తాత తల పట్టుకుని అరిచింది.

"మేకలా!" అంటూ బావ కిటికీలోంచి చూశాడు. మేకలు ఎప్పుడో వెనకబడిపోయాయి. బయట ఎండబోసిన మిరపకాయలు తప్ప ఏమీ లేవు.

"ఎంత బాగున్నాయే!" అన్నాడు.